ఆపద సంచి కొనకండి: సిద్దిపేట వాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

ఆపద సంచి కొనకండి. ఇప్పటికే కొని ఉంటే అందులోని సామానంతా బయటికి తీసి ఈ వారమే వాడటం మొదలుపెట్టండి. దాచినవి దాచామని పక్కింటికి చెప్పండి. కరెంటు బాగా ఉన్న రోజునే మెయిన్ బంద్ చేయండి. అప్పుడప్పుడు బదులుకు పోండి. నా సలహాలన్నీ తలకిందులని మా ఇంట్లోనే అంటారు. వినడానికి తిక్కగా ఉన్నా, ఇవన్నీ సిద్దిపేట ఎండను, వానను, ఇక్కడి మనుషులను చూసి చెబుతున్న మాటలు.

2025 మే 7న దేశమంతా పౌర రక్షణ అభ్యాసం జరిగింది. హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో జాబితాలే జాబితాలు. అంతకు ముందు మార్చిలో యూరోపియన్ యూనియన్ తన ప్రజలకు 72 గంటలకు సరిపడా సరుకు ఇంట్లో పెట్టుకోమని చెప్పింది. స్వీడన్ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి ఇంటింటికీ ఒక చిన్న పుస్తకమే పంపింది. వాటిని చూసి తయారుచేసిన సంచులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. విజిలు, దిక్సూచి, నిప్పు రాజేసే చువ్వ, వెండి రంగు రేకు దుప్పటి, సన్న తాడు, చిన్న కత్తి. మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. "మామా, నీకొకటి పంపిస్తున్న, ఇంట్లో పెట్టుకో" అని ఫోన్ చేశాడు. "వద్దు అల్లుడా, ఆ రేకు దుప్పటి నన్ను ఏ నెలల కప్పుకోమంటవ్?" అని అడిగాను.

వాడి భయం ఉత్తది కాదు. 2021 ఫిబ్రవరిలో వాడుండే టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది. చలికి కొందరు చనిపోతే, వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గులు రాజేసి, గ్యారేజీలో కారు నడిపి, ఆ పొగలోని విషవాయువుకు మరికొందరు చనిపోయారు. ఆ దేశంలో చలి చంపుతుంది కాబట్టి దుప్పటి జాబితాలో మొదట ఉంటుంది. మనల్ని చంపేది ఎండ. 2015 మే నెల వడగాలికి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. ఆ నెలలో మనకు రేకు దుప్పటి ఏం చేస్తుంది? ఒంటి వేడిని బయటికి పోనివ్వకపోవడమే దాని పని.

సిద్దిపేటకు సముద్రం లేదు, తుపాను నేరుగా తాకదు. భూకంపం మనకు దూరపు చుట్టమే. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది, ఇక్కడ కూడా కొందరి మంచాలు కదిలాయి, అంతే. మనకు వచ్చేవి వడదెబ్బ, మత్తడి దుంకి రోడ్డెక్కే వాగు, పిడుగు, పాము, నల్లా రాని రోజులు, కరెంటు లేని రాత్రులు, చేతిలో నోటు చెల్లని వారం. ఎప్పుడో ఒకసారి రాజ్యమే కూలిపోయే కాలం కూడా. అది మన జిల్లాలో ఒకసారి జరిగింది, దాని దగ్గరికి వస్తాను.

సంచి ఎలా కట్టాలో మన ఆడవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఇక్కడి నుంచి పోయే కుటుంబాలు అడవిలో చెట్ల కింద రెండు మూడు రాత్రులు గడుపుతాయి. ఆ మూట ఒకసారి విప్పి చూడండి. పరదా, నాలుగు గుంజలు, మోకు, చాపలు, బియ్యం, పప్పు, ఉప్పు, కారం, నూనె సీసా, అన్నం వండే గంజు, బిందె, బకెటు, కొడవలి, రెండు అగ్గిపెట్టెలు, బ్యాటరీ లైటు, పిల్లలకు స్వెటర్లు, జ్వరం గోలీలు, సబ్బు, పాత చీరలు రెండు, అమ్మవార్లకు పోగా మిగిలే బెల్లం. అందులో ఒక్కటీ పనికిరాని వస్తువు ఉండదు. ఎందుకంటే కిందటి జాతరలో ఏది మరిచిపోయి ఇబ్బంది పడ్డారో ఆ ఇల్లాలికి గుర్తుంటుంది. ఏది ఊరికే మోసుకుపోయారో అది కూడా గుర్తుంటుంది.

కొనుక్కున్న సంచికి ఈ జ్ఞాపకం ఉండదు. అందుకే నా మొదటి సలహా. ఈసారి జాతర నుంచి రాగానే, మూట విప్పకముందే, పిల్లల చేత ఒక కాగితం మీద రాయించండి. ఏవేవి తీసుకుపోయాం, ఏది తక్కువైంది, ఏది ఎవరి నుంచి అడిగి తెచ్చుకున్నాం. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మూత లోపల అతికించండి. అదే మీ జాబితా.

మేడారం దూరమైతే కొమురవెల్లి మన జిల్లాలోనే ఉంది. మల్లన్న జాతర సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా ఆదివారాలు సాగుతుంది. ఒకప్పుడు అందరూ మూడు రాళ్లు పెట్టి, కట్టెలు ఏరుకొచ్చి, ఆరుబయట బోనం వండేవారు. ఇప్పుడు కొందరు ఇంట్లో వండి కారులో తీసుకుపోతున్నారు. దయచేసి అలా చేయకండి. గాలి వీస్తుంటే మంట ఎలా నిలబెట్టాలో, తడి కట్టె ఎలా అంటుకుంటుందో, పది మందికి ఎన్ని బిందెల నీళ్లు పడతాయో, జనంలో పిల్ల తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో, ఇవన్నీ అక్కడ ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. పదిహేనేళ్ల పిల్లలకు పొయ్యి అప్పగించి పెద్దలు పక్కన కూర్చోవాలి. అన్నం మాడినా సరే, ఆ పూట అదే తినాలి.

ఇక నీళ్లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే సిద్దిపేట వాళ్లకు నీళ్ల విషయంలో ధైర్యం ఎక్కువైంది. మల్లన్నసాగర్ 50 టీఎంసీలు, కొండపోచమ్మసాగర్ 15, రంగనాయకసాగర్ 3. అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. మిషన్ భగీరథ మొదలైందే మన గజ్వేల్ కోమటిబండ నుంచి, 2016 ఆగస్టు 7న. కానీ జలాశయంలో నీళ్లుండటం వేరు, మీ నల్లాలో నీళ్లు రావడం వేరు. మధ్యలో మోటార్లున్నాయి, శుద్ధి కేంద్రం ఉంది, ట్యాంకు ఉంది, వాటన్నిటినీ నడిపే కరెంటు ఉంది. ఆ జలాశయాలు నిండటానికే ఎక్కడి నుంచో ఎత్తిపోయాలి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగినప్పుడు అది ఎంత పొడవైన గొలుసో అందరికీ అర్థమైంది. మీ ఇంటి బోరుకైనా కరెంటు లేకపోతే చుక్క రాదు.

కాబట్టి నీళ్ల క్యాన్లు కొని పేర్చకండి. ఎండకు ప్లాస్టిక్ వాసన పట్టి, ఆర్నెల్లకు మొక్కలకు పోస్తారు. దానికి బదులు పెద్ద గోలెమో, మూత ఉన్న డ్రమ్మో పెట్టుకుని రోజూ దాని నుంచే ముంచుకుని వాడండి, రోజూ నింపండి. ఎప్పుడు ఆపద వచ్చినా నిన్నటి నీళ్లే ఉంటాయి. మూత బిగువుగా ఉండాలి, లేదంటే డెంగ్యూ దోమను మీరే పెంచినట్టు. ఎంత కావాలి? సహాయ శిబిరాలకు అంతర్జాతీయంగా పెట్టుకున్న కొలత మనిషికి రోజుకు 15 లీటర్లు, తాగడం, వంట, ఒళ్లు కడుక్కోవడం అన్నీ కలిపి. మా లెక్క మాత్రం ఇంట్లో నలుగురుంటే ఎనిమిది మందికి. రాజీవ్ రహదారి మన మీదుగా పోతుంది, హైదరాబాద్ 100 కిలోమీటర్లు. పట్నంలో ఏం జరిగినా మన పిల్లలు, అక్కాచెల్లెళ్లు, వాళ్ల అత్తగారివాళ్లు బ్యాగులతో మన గడప దగ్గరే దిగుతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ అన్నప్పుడు అందరూ చేసిన పని అదే కదా.

పాత చేదబావి ఉంటే పూడ్చకండి. ప్లాటుకు ధర పెరుగుతుందని మట్టి పోయించే వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. గోడ ఎత్తి, పైన జాలి వేసి, గిరక బిగించి, బొక్కెన, తాడు అక్కడే ఉంచండి. వాడలో ఎవరైనా వచ్చి చేదుకోవచ్చని చెప్పండి. వాడే బావి నీళ్లు బాగుంటాయి. ఊళ్లో పాత బోరింగు తుప్పు పట్టి ఉంటే గ్రామసభలో దాని గురించి అడగండి, ఆ పని చేయించే దాకా అడుగుతూనే ఉండండి. ఒక్క జాగ్రత్త. ఎన్నేళ్లుగానో వాడని బావిలోకి మోటారు కోసమో, బొక్కెన కోసమో ఎవరూ దిగకూడదు. అడుగున ప్రాణవాయువు ఉండదు. ఒకడు పడిపోతే కాపాడబోయిన రెండోవాడూ పోతాడు.

బావి నీళ్లు, చెరువు నీళ్లు తాగాల్సి వస్తే చాలామంది ఖరీదైన వడపోత గొట్టాల గురించి అడుగుతారు. పాత కాటన్ చీర తీయండి. బంగ్లాదేశ్‌లో రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం 65 ఊళ్లలో ఈ పద్ధతిని పరీక్షించి 2003లో ప్రచురించింది. పాత నూలు చీరను ఎనిమిది పొరలు వచ్చేలా మడిచి బిందె మూతికి కట్టి నీళ్లు వడగడితే కలరా దాదాపు సగం తగ్గింది. కలరా క్రిమి నీళ్లలోని సన్నటి జీవులను పట్టుకుని ఉంటుంది, ఆ జీవులు గుడ్డలో చిక్కుతాయి. ఉతికి ఉతికి నూలు మెత్తబడ్డ చీరే కొత్తదానికంటే బాగా పనిచేస్తుంది. గొల్లభామ చీరలు నేసే ఊరు మనది, నూలు మనకు కరువా? ప్రతి ఇంట్లో అమ్మమ్మ చీర ఒకటి ఉంటుంది. అయితే వడగట్టడంతో పని అయిపోదు. తర్వాత తెర్లించాలి, బుడగలు పొంగుతుండగా కనీసం ఒక నిమిషం.

విరేచనాలు పట్టుకుంటే ప్రాణం తీసేది నీళ్లు పోవడమే. లీటరు తెర్లించి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా గీసి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరు ఇలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్లే డ్రమ్ముల్లో కలిపించి వేల మందిని బతికించాడు. ఈ కొలత మీ పిల్లలకు ఎక్కాల్లా నోటికి రావాలి.

తిండి సంగతికి వస్తే, నిల్వ పెట్టిందంతా తినేయండి. వింతగా ఉంది కదా. తినని సరుకు ఎప్పటికీ మూలనే ఉంటుంది, పురుగు పడుతుంది. నెలకు సరిపడా బియ్యం, కందిపప్పు, మక్కలు, జొన్నలు, పల్లీలు, బెల్లం, నూనె ఇంట్లో ఉండాలి, రోజూ అందులోంచే తీయాలి, సగమవగానే నింపాలి. డబ్బాల్లో వచ్చే విదేశీ తిండి నాకొద్దు. సద్దుల బతుకమ్మకు చేసే పల్లీ సత్తు, నువ్వుల సత్తు వండక్కరలేదు, పిడికెడు తింటే పూట గడుస్తుంది. సంక్రాంతి సకినాలు, డబ్బాలో గాలి చొరకుండా పెడితే వారాల తరబడి నిలబడతాయి. మలీద ముద్ద ప్రయాణంలో రెండు రోజులు ఆగుతుంది. మన పండుగ పిండివంటలు చాలావరకు దారిబత్తెమే.

పాత ఊళ్లలో పాతర్లు ఉండేవి. గట్టి నేలలో గుండ్రంగా లోతుగా తవ్వి, గోడలకు గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి, వేపాకు, మట్టితో మూసేవారు. గాలి లేక పురుగు బతకదు. కరువు వచ్చిన ఏడు విప్పేవారు. విప్పిన రోజు ఎవరూ లోపలికి దిగేవారు కాదు, లోపలి చెడు గాలి పోయే దాకా ఆగేవారు. ఇవాళ మీ ఇంటికి పాతర అక్కర్లేదు. కానీ ఊరికి ఒక ధాన్యపు నిధి అక్కరే. మన పాత మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ పని చేసి చూపించాయి. పడావు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, లేనివాళ్లకు తక్కువ ధరకు ఊళ్లోనే ఇచ్చారు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఊరే కూర్చుని నిర్ణయించింది. మీ స్వయం సహాయక సంఘం వచ్చే సమావేశంలో అప్పుల లెక్కలు అయ్యాక దీని గురించి ఒక్కసారి మాట్లాడండి.

డబ్బు గురించి తక్కువే చెప్పాలి. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక, డిసెంబరులో మన ఇబ్రహీంపూర్‌ను నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. దుకాణాల్లో స్వైపింగ్ మిషన్లు పెట్టారు. ఊరు క్రమశిక్షణగా చేసింది, నాకు గౌరవమే. తర్వాత మళ్లీ నోట్లే చేతులు మారాయి. ఇప్పుడు ఛాయ్ బండి దగ్గర కూడా ఫోన్ తోనే చెల్లిస్తున్నాం. టవర్ పనిచేయని రోజున ఆ ఫోన్ ఛాయ్ కూడా ఇప్పించలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తర్వాత విశాఖపట్నం రోజుల తరబడి అలాగే ఉంది. పది, ఇరవై, యాభై నోట్లు ఒక స్టీలు డబ్బాలో ఉంచండి. ఐదు వందల నోటుకు ఆ రోజు చిల్లర దొరకదు. ఫోన్ నంబర్లు వంటింటి గోడ మీద పెయింటుతో రాయండి. లైన్‌మన్, ఆశ కార్యకర్త, పక్క ఊరి చుట్టం, 108, 112. గోడ పాడవుతుందని బాధపడకండి.

నెలకొక రాత్రి మెయిన్ బంద్ చేయండి. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా. వెన్నెల లేని రాత్రి అయితే మరీ మంచిది. అగ్గిపెట్టె ఎక్కడుందో, బ్యాటరీలో సెల్లు కారిపోయిందో, ముసలాయన మూత్రానికి లేస్తే గడప తన్నుకుంటాడో అప్పుడే తెలుస్తుంది. పిల్లలకు మొదటి నెల కష్టమవుతుంది, మూడో నెలకు వాళ్లే అడుగుతారు. జనరేటరున్నవాళ్లు దాన్ని వరండాలో కూడా నడపకూడదు, ఆరుబయట కిటికీలకు దూరంగా పెట్టాలి. చలికాలం తలుపులన్నీ మూసుకుని గదిలో కుంపటి పెట్టడం కూడా అంతే ప్రమాదం. టెక్సాస్‌లో జరిగింది ఇక్కడా జరుగుతుంది.

వానాకాలం ఒక్కటే నియమం, నడిచే నీళ్లను దాటకండి. అడుగు లోతు వడి చిన్న కారును పక్కకు తోస్తుంది, రెండడుగులు దాదాపు ఏ బండినైనా లేపుతుంది. లోలెవల్ వంతెన మీద నీళ్లు పోతుంటే అక్కడే ఆగిపోండి, తెలిసిన ఇంట్లో పడుకోండి, పెళ్లి తప్పిపోయినా సరే. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని తెల్లవారకముందే వాగు ముంచెత్తింది. జనం మేడలెక్కి, చెట్లెక్కి బతికారు, హెలికాప్టర్లు వచ్చింది తర్వాత. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని దాటించింది ఒక జేసీబీ డ్రైవరు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో 150 మందికి పైగా ప్రాణం నిలిపిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. జపాన్‌లో 1995 కోబే భూకంపంలో శిథిలాల కింద నుంచి బయటపడ్డవాళ్లలో అత్యధికుల్ని లాగింది ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు వాళ్లే.

అందుకని సామాన్ల జాబితా పక్కన పెట్టి మనుషుల జాబితా రాయండి. మీ ఊళ్లో తాటిచెట్టెక్కే గౌడన్నకు మోకు గురించి తెలిసినంత ఏ ట్రెక్కింగ్ క్లబ్బుకూ తెలియదు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో ఇచ్చిన కొత్త తాళ్లు, నడుము పట్టీలు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. చెరువులో చేపలు పట్టే ముదిరాజులకు, బెస్తవాళ్లకు థర్మాకోల్ తెప్ప ఉంటుంది, ఎక్కడ లోతో, ఎక్కడ ఊబో వాళ్లకు తెలుసు. ట్రాక్టరు ఎవరిది, జేసీబీ ఎవరిది, నర్సు చదివిన కోడలు ఏ ఇంట్లో ఉంది, ఈత ఎవరికి వచ్చు. మృగశిర కార్తె నాటికి వాళ్లందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి ఛాయ్ పోయండి.

బదులుకు పొమ్మన్నది కూడా ఇందుకే. ఇంట్లో చక్కెర ఉన్నా ఒకసారి పక్కింటికి గ్లాసు పట్టుకుని పోండి. నాలుగు రోజుల తర్వాత వాళ్లూ వస్తారు. ఎన్నడూ ఏమీ అడగని ఇంటి తలుపు ఆపదలో కొట్టాలంటే మనిషికి సంకోచం. 1995 జులైలో షికాగోలో వడగాలికి 739 మంది చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేద వాడలను పోల్చి చూశాడు. జనం వీధిలో తిరిగే వాడలో కంటే, ముసలివాళ్లు తలుపులు వేసుకుని బతికే వాడలో చావులు పది రెట్లు. మన ఊళ్లలో పిల్లలు పట్నంలో, ముసలివాళ్లు తాళం వేసిన ఇళ్ల నడుమ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి ఒక మనిషి పోయి "అవ్వా, మజ్జిగ తాగినవా?" అని అడిగి రావాలి. ఇంటికొక రోజు వంతు పెట్టుకోండి. జేబులో ఉల్లిగడ్డ వడదెబ్బను ఆపదు. తడి తువ్వాల, నీడ, ఉప్పేసిన మజ్జిగ, అంబలి ఆపుతాయి. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు గుమ్మరిస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

ఇక రాజ్యం కూలిపోయే కాలం. దీని గురించి అమెరికా వాళ్లు రాసే పుస్తకాలన్నిటి సారం ఒక్కటే. దాచుకో, ఎవరికీ చెప్పకు, గోడ ఎత్తు పెంచు, తుపాకీ కొను. ఈ సలహా మన గడ్డ మీద ఒకసారి పరీక్షకు నిలబడింది, ఓడిపోయింది. దొరల గడీలు అచ్చంగా అలాంటి కట్టడాలే. ఎత్తు గోడలు, లోపల ధాన్యపు కొట్లు, కాపలాకు మనుషులు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమురయ్య బలయ్యాక, ఊళ్లకు ఊళ్లే ఆ గడీల మీదికి లేచాయి. దాచిన ధాన్యం గోడలను కాపాడలేదు. ఆ ధాన్యం కోసమే గోడలు కూలాయి.

అదే కాలంలో అటు పక్కనే బైరాన్‌పల్లి. ఇప్పుడది మన సిద్దిపేట జిల్లా ధూల్మిట్ట మండలంలో ఉంది. రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకుంటున్నప్పుడు ఆ ఊరివాళ్లు ఎవరి ఇంటి గోడ వాళ్లు పెంచుకోలేదు. ఊరి నడుమ ఉన్న బురుజును అందరిదిగా చేసుకున్నారు. యువకులు దళంగా ఏర్పడి వంతులవారీగా పైన కాపలా ఉన్నారు. దూరాన దుమ్ము లేస్తే నగారా మోగేది, ఊరంతా మేలుకునేది. ఒడిసెలలు, రాళ్లు, నాటు తుపాకులతోనే వచ్చినవాళ్లను ఒకటికి రెండుసార్లు తరిమారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం సైన్యాన్ని, ఫిరంగులను వెంటబెట్టుకుని వచ్చి ఊరిని చుట్టుముట్టారు. ఆ ఒక్కరోజే 80 మందికి పైగా చంపేశారు. పక్కనే కూటిగల్‌లోనూ అదే రక్తం. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

ఫిరంగికి ఏ బురుజూ నిలవదు, ఆ మాట దాచను. కానీ దోపిడీ మూకకు ఆ బురుజు నిలిచింది, అంతకు ముందు నెలల్లో. ఆ నెలల్లో ఊరిని నిలబెట్టినవి నాలుగు. ఎత్తయిన చోటు, వంతు కాపలా, అందరికీ వినపడే ఒక శబ్దం, ఆ శబ్దం వినగానే ఎవరు ఎక్కడికి పోవాలో ముందే తెలిసి ఉండటం. వీటిలో ఏ ఒక్కటీ దుకాణంలో దొరకదు, ఏ ఒక్కటీ ఒంటరి ఇంటికి పనికిరాదు. పిల్లలను తీసుకుని ఒకసారి ఆ ఊరికి పోండి. బురుజు ఇంకా ఉంది. అమరుల పేర్లు చదివించండి. తిరిగి వచ్చాక మీ ఊళ్లో ఆ శబ్దం ఏదో తేల్చుకోండి. గుడి గంటా, మసీదు మైకా, బడి గంటా, డప్పా. దేని అర్థం ఏమిటో పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా తెలియాలి. మీ ఇంట్లో ఎంత బియ్యం ఉందో వాడలో చెప్పండి, వాళ్ల దగ్గర ఏముందో అడగండి. రహస్యంగా దాచినవాడి ఇంటి చుట్టూ కాపలా కాయడానికి ఎవరూ రారు.

మిగిలినవి చిన్న విషయాలు, కానీ ఏటా ప్రాణాలు తీస్తున్నవి ఇవే. పాము కాటుకు ఆన్‌లైన్‌లో అమ్మే విషం పీల్చే గొట్టాలు కొనకండి. కోయకూడదు, పీల్చకూడదు, గట్టిగా తాడు బిగించకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టె ఊతంగా కట్టి, మనిషిని నడిపించకుండా, మంత్రం దగ్గర ఆగకుండా ఆసుపత్రికి చేర్చాలి. సిద్దిపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఉరుము వినపడ్డప్పుడు గొర్రెలను వదిలేసైనా చెట్టు కింది నుంచి బయటికి రావాలి. వరదలో ప్రాణం కాపాడే చింతచెట్టు పిడుగు రోజున ప్రాణం తీస్తుంది. పుణెలోని వాతావరణ సంస్థ చేసిన దామిని యాప్ పిడుగు హెచ్చరిక ఇస్తుంది, గొర్రెల కాపరుల ఫోన్లలో అది వేసి పెట్టండి.

బీపీ, షుగరు గోలీలు అయిపోయాక కొనుక్కోవడం మానండి. సగం పత్తా మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చి, పాతవి ముందు వాడండి. ఎప్పుడూ నెల రోజులవి చేతిలో ఉంటాయి. డాక్టరు రాసిన చీటీ ఫోన్‌లో ఫోటోగా ఉంటే చాలదు. రెండు జిరాక్సులు తీయించి ఒకటి గోలీల డబ్బాలో, ఇంకొకటి పక్కింటివాళ్ల దగ్గర ఉంచండి.